అప్‌డేట్: పైలోనైడల్ సైనస్‌కి చివరికి ఫ్లాప్ సర్జరీయే చేయించుకున్నాను

తోక ఎముక దగ్గర పైలోనైడల్ సైనస్ (పిరుదుల మధ్య గాడిలో వెంట్రుకలు చర్మం లోపలికి దిగి ఏర్పడే రంధ్రాలు, దారులు) రెండోసారి తిరగబెట్టింది, గాయం తెరిచి వదిలే ఆపరేషన్ మంచిదా, ఫ్లాప్ (పక్కనున్న చర్మాన్ని జరిపి గాయం మూసేది) మంచిదా అని అడిగాను కదా. లింబర్గ్ అనే రకం ఫ్లాప్ చేయించుకున్నాను. ఇవాళ్టికి 5 వారాలు.

అప్పుడు చీము పట్టి ఉంది. సర్జన్ ముందు చీము తీసేసి, వాపు తగ్గాకే అసలు ఆపరేషన్ అన్నారు. లేజర్, పిట్ పికింగ్ (రంధ్రాలను మాత్రమే చిన్నగా కోసి తీసేయడం) గురించి కూడా అడిగాను. చిన్న రంధ్రాలు ఒకటో రెండో ఉంటే అవి సరిపోవచ్చట. నాకు లోపల దారులు పక్కలకి పాకాయి. తెరిచి వదిలేస్తే మానడానికి నెలలు పట్టొచ్చు, అన్నాళ్లూ డ్రెస్సింగ్. సరిగ్గా మధ్య గీత మీదే కుట్టేస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఫ్లాప్‌తో లోతైన గాడి చదునవుతుంది, వెంట్రుకలు లోపలికి దిగబడే చోటు తగ్గుతుంది. ఈ మాట విన్నాకే నా టెన్షన్ తగ్గింది.

నొప్పి కన్నా డ్రెయిన్ గొట్టంతో (గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసేది) తిరగడమే చిరాకు. నాలుగో రోజు తీసేశారు. కుట్లు ఒక మూల కాస్త విడిపోయాయి గానీ డ్రెస్సింగ్‌తోనే మానింది. మచ్చ పెద్దదే (ఎవరు చూస్తారులెండి). చుట్టూ వెంట్రుకలు తీయిస్తూ ఉండమన్నారు. కూర్చోవడం మాత్రం ఇంకా అరగంటకు మించట్లేదు.