బాబుకు 10 నెలలు, మిర్యాలగూడ ఉద్యోగం మానెయ్యాలా?

రామగిరి:
ఉండేది నల్లగొండ. మిర్యాలగూడ రైస్ మిల్లుల అకౌంట్స్ పని, చేరి 4 ఏళ్ల 4 నెలలు. జీతం 20,000, బేసిక్ 15,000. కటింగులు పోను చేతికి 17,900. బాబును అత్తమ్మ చూస్తున్నరు గానీ పత్తి ఏరే టైంకు ఊరికి పోవాలె. ఆయా 7,000 అడుగుతున్నది. మానేస్తే నయమా?

పద్దుల పుస్తకం:
17,900ల నుంచి 7,000 తీసేసి చూస్తే లెక్క తప్పుతది చెల్లె. నీ పీఎఫ్ 1,800కు తోడు మిల్లోళ్లు ఇంకో 1,800 కట్టాలె. అందుల 1,250 పెన్షన్‌కు, 550 పీఎఫ్‌కు పోతయి. ఈఎస్ఐ ఉంటే బాబు వైద్యం కూడా అందులనే. బస్సు ఖర్చంటవా, ఆడోళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చినంక ఎక్స్‌ప్రెస్‌ల కూడా లేదు.
అసలుది గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి మిల్లోళ్లు ఇయ్యాల్సిన పైసలు. 5 ఏళ్లు నిండితే 15,000 × 15 ÷ 26 × 5, అంటే 43,269. ఇంక 8 నెలలే. ప్రసూతి సెలవు సర్వీసుల లెక్కే, తీసేస్తమంటే ఒప్పుకోకు. మానేసినా పీఎఫ్ ముట్టుకోకు, 5 ఏళ్ల లోపు తీస్తే పన్ను పడ్తది.

పానగల్ అక్క:
బిడ్డకు 15 నెలలు నిండేదాక రోజుకు రెండుసార్లు పాల విరామం చట్టంలనే ఉన్నది. ఇంటికొచ్చి పోలేవు గానీ, ఆ టైంల పాలు పిండుకోవచ్చు. 25 డిగ్రీల లోపు గదిలనైతే 4 గంటలు ఆగుతయి. మన ఎండాకాలంల ఆ లెక్క నడవదు, ఐస్ ప్యాకుల డబ్బా కావాలె. ఫ్రిజ్‌ల 4 రోజులు ఉంటయి, కానీ డోర్‌ల పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి తగుల్తది. ఆయా పొయ్యి మీద పెట్టకుండ చూడు, వేడినీళ్ల గిన్నెల సీసా నిలబెడితే చాలు. తాగంగ మిగిలినయి 2 గంటలు దాటితే పారబోయాలె.
అంగన్‌వాడీల ఇప్పుడే కూసోబెట్టుకోరు, 3 ఏళ్లు నిండాలె. అందాక వచ్చేది గుడ్లు, 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్.

దేవరకొండ రోడ్డు:
పైసల కంటే ముందు ఆయాను చూడాలె. ఆమె ఇంట్ల ఇంక ముగ్గురు నలుగురు పిల్లలుంటే పంపకు, మానేసుడే మేలు. అత్తమ్మ ఉండంగనే వారం రోజులు ఇంటికి పిలిపించి బాబుకు అలవాటు చెయ్యి.
అత్తమ్మ ఊరికి పోయినన్ని రోజులు సెలవు అడుగుదమంటే ఒక చిక్కున్నది. పత్తి ఏరే టైంకే మిల్లుకు వానాకాలం వడ్లు దిగుతయి, రెండు నెలలు ఎవరిస్తరు? దాని బదులు వారానికి రెండు రోజులు ఇంటి నుంచే కంప్యూటర్‌ల టాలీ లెక్కలు ఎక్కిస్తనని అడుగు. ప్రసూతి సెలవు తర్వాత మాట్లాడుకొని అట్ల చేసుకోవచ్చని చట్టంలనే ఉన్నది. జీతం లేని సెలవు ఇచ్చినా మంజూరు కాగితం చేతికి తీసుకో. లేకుంటే గైర్హాజరు రాసి సర్వీసు తెగిందంటరు.

రామగిరి:
ఆయా మా ఇంటికే వస్తనన్నది, ఒక్క బాబే. టాలీ సంగతి సేటును అడుగుత.