బాబ్ బెయిలీ తర్వాత ఏ రేడియో డిటెక్టివ్‌ని వినాలి?

మా నాన్నగారికి చూపు తగ్గి చదవలేకపోతున్నారు. ఆకాశవాణి నాటకాలతో పెరిగిన మనిషి కదా అని, పాత అమెరికన్ రేడియో సీరియల్ 'యువర్స్ ట్రూలీ, జానీ డాలర్' వినిపించాను. ఇన్సూరెన్స్ కేసులు తేల్చే డిటెక్టివ్ కథలు. 1955-56లో నటుడు బాబ్ బెయిలీ జానీ డాలర్‌గా చేసినవైతే మరీ బాగుంటాయి. రోజూ పావుగంట, సోమవారం మొదలైన కేసు సాధారణంగా శుక్రవారానికి తేలుతుంది. టాక్సీకి ఇంత, ఫోనుకి ఇంత అని ఖర్చుల లెక్క రాస్తూ జానీయే కథ చెబుతాడు. ఆ గొంతూ, అడుగుల చప్పుడూ వింటుంటే మనం కూడా ఆ గదిలోనే ఉన్నట్టుంటుంది. నాన్నగారైతే మర్నాటి భాగం దాకా టెన్షన్‌తో ఎదురుచూస్తారు.

అవి అయిపోవస్తున్నాయి. 'డ్రాగ్నెట్' ఉంది గానీ, అది పూర్తిగా పోలీసు విచారణ. ఇలాగే ఒక్క మనిషి గొంతుతో నడిచే, మాట స్పష్టంగా వినబడే సీరియల్ ఏదైనా ఉందా? ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలో కూడా దయచేసి చెప్పండి.