అప్‌డేట్: పానగల్ గుళ్ల దగ్గర మ్యాప్ తిప్పలు తీరాయి

పోయిన నెల అడిగాను కదా, నల్లగొండ పానగల్ గుళ్లు చూద్దామని పోతే మ్యాప్‌లో నీలం చుక్క ఒక్కచోట నిలవట్లేదు, నెట్ కూడా రావట్లేదని. చుక్క సంగతి ఇప్పుడు సరైపోయింది, చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. మొబైల్ షాపులో చూపిస్తే, మ్యాప్ యాప్‌కిచ్చిన లొకేషన్ పర్మిషన్‌లో 'ఖచ్చితమైన లొకేషన్' ఆఫ్‌లో ఉందన్నారు, అంతే. సిమ్ మార్చడం, ఫోన్ రీసెట్ చేయడం అవసరమే పడలేదు.

నెట్ లేనప్పుడు మాత్రం మీలో ఒకరు చెప్పిన ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ పనికొచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకున్నా ఆఫ్‌లైన్‌లో నడక దారి చూపదు, ఇది చూపుతుంది, కాకపోతే ఇంట్లో ఉన్నప్పుడే మ్యాప్ దించుకోవాలి. పచ్చల సోమేశ్వరాలయం చూసుకుని ఛాయా సోమేశ్వరాలయానికి నడిచే పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఆ గుడికి పేరు తెచ్చిన స్తంభం నీడ కదలకుండా అట్లాగే ఉంది, అమ్మ ఎంతసేపటికీ బయటికి రాలేదు.