ఒకసారి తేలిన చర్చను మళ్ళీ తెరవడం తగునా?

సింగ్‌నగర్ నివాసి:

విజయవాడలోని మా అపార్ట్‌మెంటు సంఘంలో వచ్చిన ఒక తగవుపై ఇక్కడి పెద్దల అభిప్రాయం కోరుతున్నాను. సెల్లారులో ఉన్న మీటర్ల బోర్డును, లిఫ్టు ప్యానెల్‌ను, జనరేటరును మొదటి అంతస్తు ఎత్తుకు మార్చాలని 2019లో ఒక సభ్యుడు ప్రతిపాదించారు. అంత ఖర్చు భరించలేమని, నీరు అంతెత్తుకు రాదని సర్వసభ్య సమావేశం దాన్ని తోసిపుచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు సెల్లారు నిండా మునిగింది. నీరు తోడించాక కొత్త ప్యానెళ్ళు తెప్పించి మళ్ళీ పాత చోటనే బిగించారు. ఈ మధ్య ఫ్లాటు కొనుక్కున్న ఒకాయన మొన్నటి సమావేశంలో ఆ ప్రతిపాదనను తిరిగి ముందుకు తెచ్చారు. అది ఎప్పుడో ముగిసిన విషయమని, కొత్తగా వచ్చినవారు పాతవి తవ్వడం పద్ధతి కాదని అధ్యక్షులవారు ఆపేశారు. ఆయన అడగడం తప్పా, అడిగిన తీరు తప్పా, లేక ఆపడమే తప్పా?

పటమట విశ్రాంత ఉద్యోగి:

అధ్యక్షులవారి మాట కటువుగా ఉండవచ్చు గాని, దాని వెనుక ఉన్న ఇబ్బందిని సంఘాలు నడిపినవారు మాత్రమే ఎరుగుదురు. ఏ సంఘంలోనైనా ఓడిపోయిన పక్షం ఊరుకోదు. గెలిచినవారు రాని రోజు చూసి అదే విషయాన్ని మరో పేరుతో తెస్తుంది, అందరూ మళ్ళీ మొదటికి రావాలి. లోక్‌సభ నియమావళిలో 338వ నియమం, ఒక సమావేశ కాలంలో సభ నిర్ణయించిన విషయాన్నే సారాంశంలో పోలిన తీర్మానంగా అదే సమావేశ కాలంలో మళ్ళీ తేకూడదంటుంది. అంత పెద్ద సభకే ఆ కట్టుబాటు అవసరమైతే, నెలకొక ఆదివారం ఉదయం కూర్చునే మన సంఘాలకు అవసరం కాదా? పైగా నిర్ణయాన్ని నమ్ముకుని జనం డబ్బు ఖర్చు పెడతారు. వరద తరువాత కొత్త ప్యానెళ్ళకు వంతులు వేసుకుని కట్టినవారిని, ఏడాదైనా నిండని యజమాని వచ్చి మళ్ళీ కట్టమంటే వారికి కోపం రావడం సహజమే.

బ్రాడీపేట న్యాయవాది, గుంటూరు:

పటమట వారు చెప్పిన నియమంలోనే ఆయనకు జవాబు ఉంది. అది అదే సమావేశ కాలానికి వర్తిస్తుంది, ఆ తరువాతి కాలానికి కాదు. న్యాయస్థానాల పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ ప్రకారం, అవే పక్షాల మధ్య ఒకసారి విచారించి తేల్చిన విషయాన్ని మళ్ళీ దావాగా వేయడానికి వీల్లేదు. అయితే తీర్పు తరువాత కొత్తగా పుట్టిన వ్యాజ్య కారణానికి ఆ సెక్షన్ అడ్డు రాదు. 2019లో ఆ సమావేశం ముందున్న ప్రశ్న నీరు వస్తుందా రాదా అన్నది. 2024లో నీరు వచ్చింది. మాటలు అవే అయినా ఇప్పుడున్న ప్రశ్న వేరు.

నిజం చెప్పాలంటే 2019లోనే కొంత సాక్ష్యం అందుబాటులో ఉంది. 2005లో కూడా బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు ఏ వీధిలో ఎంతవరకు నిలిచిందో పాత కాపురస్తులను ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే ఆ సంగతి మినిట్స్‌లో ఉండాలి. సంఘాల రిజిస్టర్లు చాలా చూశాను. "సభ్యులు చర్చించిన మీదట మెజారిటీ అభిప్రాయం మేరకు తిరస్కరించడమైనది" అని ఒక్క వాక్యం, కింద సంతకాలు, అంతే. ఎవరు ఏ కారణం చెప్పారో, ఎంత అంచనా వచ్చిందో ఎక్కడా కనబడదు. కారణం రాయని నిర్ణయాన్ని తరువాతివారు గౌరవించడం కష్టం, ఎందుకంటే దేన్ని గౌరవించాలో వారికి తెలియదు.

ఇక అడిగిన తీరు గురించి. పాత విషయాన్ని లేవనెత్తేవారు ముందుగా ఆ పాత పేజీ చదివి రావాలి, ఎజెండాలో పెట్టించి నోటీసు ఇప్పించాలి, నాడు మాట్లాడినవారిలో ఇప్పుడున్నవారికి కబురు చేయాలి. ముఖ్యంగా, 2019లో ఆ మాట అన్న సభ్యుని పేరు చెప్పకుండా తన సొంత ఆలోచనలా చెప్పడం నా దృష్టిలో పెద్ద అమర్యాద. నాడు ఒంటరిగా నిలబడి మాట పడినవారికి దక్కవలసిన గౌరవం అది. కొత్త యజమాని ఇవేమీ చేయకుండా చివరలో లేచి అడిగి ఉంటే తీరు తప్పే. అయినా ఆ కారణంగా విషయాన్ని తోసిపుచ్చడం అంతకంటే పెద్ద తప్పు. వచ్చే సమావేశానికి వాయిదా వేసి, పద్ధతిగా రమ్మంటే సరిపోయేది.

కృష్ణలంక గృహిణి:

నది ఒడ్డున బతికేవాళ్ళకు పాత చర్చ అంటూ ఉండదండీ. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరద మాకు గుర్తే. రక్షణ గోడ కావాలన్న మాట మా వీధుల్లో ఎన్నిసార్లు పాతబడిందో, ఎన్నిసార్లు మళ్ళీ లేచిందో లెక్కలేదు. 2024లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళినప్పుడు, ఆ గోడ వెనుక ఉన్న కాలనీలు చాలావరకు నిలిచాయి. అయిపోయిన సంగతి కదా అని అందరూ ఊరుకుని ఉంటే గోడ వచ్చేదా?

సింగ్‌నగర్ నివాసి:

న్యాయవాది గారు అడిగినట్టే రిజిస్టరు తీయించి చూశాను. కొత్త యజమాని ఆ పేజీ చూడలేదు, అధ్యక్షులవారూ చూడకుండానే మాట్లాడారు. అందులో ఉన్నది రెండు వరుసలే గాని, పేజీ అంచుపై అంటించిన ఒక ఎలక్ట్రీషియన్ చీటీ మాత్రం మిగిలింది. మీటర్ల బోర్డుకు ఒక అంచనా, జనరేటరు దిమ్మె ఎత్తు పెంచడానికి మరొక అంచనా విడివిడిగా రాసి ఉన్నాయి. సమావేశం రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా చూసి కాదన్నట్టుంది. నాడు ప్రతిపాదించిన సభ్యులు ఇప్పుడు హైదరాబాదులో కుమార్తె దగ్గర ఉంటున్నారు. ఫోను చేస్తే, తన పేరుతోనే తిరిగి పెట్టమని చెప్పారు.

పటమట విశ్రాంత ఉద్యోగి:

ఆ చీటీ సంగతి వేరు, దాన్ని సభ్యులందరి ముందూ పెట్టవలసిందే. అయితే నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. కొత్త పరిస్థితి వచ్చిందా లేదా అన్నది ఎవరు తేల్చాలి? అడిగినవారే తేలిస్తే ప్రతి వానకూ ఒక కొత్త కారణం పుడుతుంది; అధ్యక్షుడు ఒక్కడే తేలిస్తే మొన్న జరిగినదే మళ్ళీ జరుగుతుంది. సభ్యుల్లో కనీసం నాలుగో వంతు మంది సంతకాలు చేస్తేనే ముగిసిన విషయం తిరిగి ఎజెండాలోకి రావాలని బైలాలో రాసుకోవడం మేలని నా అభిప్రాయం. సంతకాలు అడగడానికి ఇంటింటికీ వెళ్ళే ఓపిక ఉన్నవారు పాత పేజీ కూడా చదివే వస్తారు.

బ్రాడీపేట న్యాయవాది, గుంటూరు:

నాలుగో వంతు ఎక్కువ. ముప్పై ఫ్లాట్ల భవనంలో సగం మంది అద్దెవాళ్ళే ఉంటే, యజమానులు విదేశాల్లో ఉంటే, అన్ని సంతకాలు ఎక్కడి నుంచి వస్తాయి? పదో వంతు చాలు. దానితో పాటు, తిరస్కరించిన ప్రతిసారీ కారణాలను మినిట్స్‌లో రాయాలన్న నిబంధన కూడా చేర్చండి. అది లేకుండా సంతకాల నిబంధన ఒక్కటే పెట్టడాన్ని నేను సమర్థించను.