1:10 కొలతలో బోఫోర్స్ ఫిరంగి: గొట్టం, రంగు గురించి సలహా కావాలి

తిరుమలగిరి శ్రీను:

అందరికీ నమస్కారం. జూలై 26న కార్గిల్ విజయ దినం నాటికి మా కాలనీ గ్రంథాలయంలో పెట్టడానికి బోఫోర్స్ ఎఫ్‌హెచ్-77బి నమూనా తయారు చేస్తున్నాను. కిట్లు ఎక్కువగా దొరికేది 1:35లో, అంటే అసలులో ముప్పై అయిదో వంతు. ఆ కొలతకు కుదిస్తే ఆరు మీటర్ల గొట్టం కాస్తా 17 సెంటీమీటర్లే వస్తుంది. అద్దాల బీరువాలో అది ఎవరికి ఆనుతుంది? అందుకే 1:10 ఎంచుకుని, అంతా చేత్తోనే చేద్దామని దిగాను. ఫిరంగి వెనుక నేలకు ఆనే కాళ్లకు, పెట్టెలాంటి భాగాలకు సన్‌బోర్డు (తేలికైన పీవీసీ నురగ పలక) కోసి అతికించాను, అవి బాగానే వచ్చాయి. గొట్టానికి రాణీగంజ్‌లో 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు కొన్నాను. ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకుకు బిగించే పైపు అని మా ఆవిడ చూసీ చూడగానే అంది. నిజమే, అలాగే ఉంది. దాన్ని ఫిరంగి గొట్టంలా కనిపించేలా చేయడం ఎలా? రెండోది, స్ప్రే డబ్బాతో ఆలివ్ గ్రీన్ కొడితే చాలా, ఇంకేమైనా చేయాలా?

ఆకురాయి:

శ్రీను గారూ, రంగు సంగతి అప్పుడే ఎత్తకండి. బాలానగర్‌లో టూల్ రూము ఫిట్టరుగా బతికినవాణ్ణి. ఆకారం తేలకుండా రంగు డబ్బా తెరిచే కుర్రవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద నమూనాలో రంగు ఏ తప్పునూ దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

మీ పైపు పైపులా కనిపించడానికి కారణం ఒక్కటే. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే లావు. ఫిరంగి గొట్టం అలా ఉండదు. మందు పేలేది బ్రీచ్ వైపు, అంటే గుండు పెట్టే వెనుక చివర, ఒత్తిడి ఎక్కువగా ఉండేది అక్కడే, కాబట్టి అక్కడ గోడ మందం. గుండు మూతి వైపు సాగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, లోహమూ సన్నబడుతుంది. ఆ సన్నబడటం మీ నమూనాలో రావాలి.

లేత్ మీద అల్యూమినియం కడ్డీ తిప్పించవచ్చు, బాలానగర్‌లో చేసేవాళ్లకు కొదవ లేదు. కానీ ఒక్క ముక్క కోసం వెళితే బేరం కుదరడం కష్టం, బరువు కూడా ఎక్కువవుతుంది. పైపునే ఉంచండి. పుస్తకాలకు అట్టలు వేసే గోధుమరంగు కాగితం పొడుగ్గా తీసుకోండి. చుట్టడం మొదలుపెట్టే అంచు గొట్టం పొడవంతా ఉండాలి, ముగిసే అంచు బ్రీచ్ దగ్గర నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే చాలు. బ్రీచ్ వైపు అంచు తిన్నగా, మూతి వైపు అంచు ఏటవాలుగా కోయాలి. ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి రాస్తూ బిగువుగా చుట్టుకుంటూ పోతే బ్రీచ్ వైపు పొరలు ఎక్కువ పడతాయి, మూతి వైపు తక్కువ. సన్నదనం దానంతట అదే వస్తుంది. రెండు రోజులు ఆరనిచ్చి, వడ్రంగులు వాడే సాండింగ్ సీలర్ తాగించండి. మెట్లు కనిపించేచోట లప్పం పెట్టి, నీళ్ల ఉప్పుకాగితంతో 220 నంబరు గరుకు నుంచి 400 నంబరు నునుపు దాకా రుద్దండి. ట్యూబులైటు కింద పట్టుకుని తిప్పితే గొట్టం మీద వెలుగు గీత వంకర లేకుండా కదలాలి. వంకరపోయిందా, మళ్లీ రుద్దడమే.

కొలత లెక్క రాసుకోండి. అసలు ఫిరంగి రంధ్రం వ్యాసం 155 మిల్లీమీటర్లు, గొట్టం పొడవు దానికి 39 రెట్లు. అంటే 6,045 మిల్లీమీటర్లు. మీ నమూనాలో 60 సెంటీమీటర్ల పైచిలుకు, మూతి రంధ్రం పదిహేనున్నర మిల్లీమీటర్లు. పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి చూడండి, ఎక్కువుంటే మూతి దగ్గర లోపల కూడా కాగితం చుట్టాలి. జనం ముందు వంగి చూసేది ఆ రంధ్రంలోకే.

కాల్చినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నే ఊపును తగ్గించడానికి మూతికి ఉండే మజిల్ బ్రేక్ చుట్టూ వరుసలుగా రంధ్రాలుంటాయి. కంటి అంచనాతో డ్రిల్ పెట్టకండి. గ్రాఫు కాగితం మీద గుర్తులు పెట్టి ముక్కకు చుట్టి, ఆ చుక్కల మీద సూదితో గుచ్చి, ముందు సన్నటి బిట్టు, తర్వాత లావు బిట్టు వేయండి. లోపల కర్ర దూర్చి ఉంచితే రంధ్రం అంచులు చిట్లవు.

ఇంకొకటి. అంత పొడుగు గొట్టం ఇరుసు దగ్గర మాత్రమే ఆనుతుంది, నెల తిరిగేసరికి ముక్కు వాలుస్తుంది. లోపల ఉక్కు కడ్డీ వేయండి, బ్రీచ్ లోపల సీసం ముక్కలు నింపండి. అసలు ఫిరంగి గొట్టాన్ని 70 డిగ్రీల దాకా ఎత్తగలదు. మీరు 45కి ఎత్తి పెడితే వాలే బెడద తగ్గుతుంది, బీరువాలో చోటూ కలిసివస్తుంది.

కోట నడక:

ఇంత యాతన ఎందుకండీ? గోల్కొండలో పెట్ల బురుజు మీదున్న ఫతే రహబర్ తోపు చేయండి. 1687లో ఔరంగజేబు ముట్టడి కథ పిల్లలకు చెప్పుకోవచ్చు, పైగా అది మన ఊళ్లోనే ఉంది, ఎక్కి కళ్లారా చూసి కొలుచుకోవచ్చు. బోఫోర్స్‌కు ఉన్నట్టు దానికి కాళ్లు లేవు, ఇంజిను లేదు. లేదంటే నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగుల కార్ఖానా పెట్టిన గన్‌ఫౌండ్రీ పేరు మీద ఒక తోపు.

ఆకురాయి:

కోట నడక గారూ, గోల్కొండ తోపు గొప్పదే. కానీ ఆయన పెట్టేది కార్గిల్ దినానికి. 1999లో ద్రాస్ కొండల మీద శత్రు స్థావరాలను చితక్కొట్టింది బోఫోర్స్, దాని బదులు ఔరంగజేబు తోపు పెడితే సభలో పెద్దలు ఏమనుకుంటారు? అదీగాక తోపు సులువని ఎవరన్నారు? దాని ఒంటి మీద చెక్కిన పారశీక అక్షరాలు పదో వంతులో చెక్కి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

సుమ, మాసబ్ ట్యాంక్:

రంగు ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఆర్కిటెక్ట్ ఆఫీసుల కోసం భవనాల నమూనాలు చేస్తాను, సన్‌బోర్డుతోనే నా రోజు గడుస్తుంది. కార్లకు వేసే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు, దాని థిన్నరు సన్‌బోర్డు మీద తడిసేలా పడితే పైపొర మెత్తబడి నలుగుతుంది. థర్మాకోల్ అయితే కరిగి మాయమే. అందుకని ముందు నీళ్లతో కలిపే ఆక్రిలిక్ ప్రైమర్ బ్రష్‌తో వేసి, ఆరాక బూడిదరంగు ప్రైమర్‌ను దూరం నుంచి పలచగా చల్లండి. బూడిదరంగు పడితే గీతలు, గుంటలు బయటపడతాయి. లప్పం పని అక్కడే ముగించాలి.

జూలై అంటున్నారు కాబట్టి మరో మాట. వానాకాలంలో గాలి చెమ్మగా ఉన్నప్పుడు ఎన్‌సీ రంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. ఉదయం చల్లగా ఉంది కదా అని మొదలుపెట్టకండి, చెమ్మ ఎక్కువగా ఉండేది అప్పుడే. వాన లేని రోజు మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ చూసుకోండి.

డబ్బాలోని ఆలివ్ గ్రీన్ ఉన్నదున్నట్టు వేస్తే చిన్న నమూనా మీద నల్లగా, బరువుగా కనిపిస్తుంది. దుకాణంలో కాస్త బూడిదరంగు కలిపించి పలచన చేయించుకోండి. టైర్లకు అచ్చ నలుపు వద్దు, ముదురు బూడిద. ఆఖరున మెరుపు లేని వార్నిష్.

తిరుమలగిరి శ్రీను:

ఇద్దరికీ ధన్యవాదాలు. కాగితం చుట్టేశాను, ఆరుతోంది. తుప్పు, దుమ్ము ఎంత వేయాలి? విదేశీ వీడియోల్లో ఫిరంగి అంతా తుప్పు మరకలే చూపిస్తున్నారు. చక్రాలకు బొమ్మ ట్రాక్టరు టైర్లు సరిపోతాయా?

ఆకురాయి:

తుప్పు వేయకండి. సైన్యంలో ఫిరంగిని రోజూ తుడిచి, గ్రీజు పెట్టి, రంగు పోయినచోట వెంటనే రంగు వేస్తారు. తుప్పు పట్టిన బ్రీచ్‌తో కాల్చే దళం ఎక్కడైనా ఉంటుందా? మజిల్ బ్రేక్ రంధ్రాల అంచుల్లో పొగమసి, మనుషులు తొక్కే చోట, చేతులు తగిలే పిడుల మీద కాస్త అరుగుదల చాలు. మూలల్లో నీడ కోసం బర్న్‌ట్ అంబర్ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పలచగా కలిపి పారించి, పైది గుడ్డతో తుడిచేయండి. ఎనామిల్ వేసి ఉంటే మాత్రం వార్నిష్ పూత మీదే ఈ పని చేయండి, లేకపోతే కింది రంగు కూడా గుడ్డకు వచ్చేస్తుంది. దుమ్ము వేసేటప్పుడు మన శంషాబాద్ ఎర్రమట్టి గుర్తు తెచ్చుకోకండి, ద్రాస్ కొండల దుమ్ము బూడిదగా, లేత మట్టిరంగులో ఉంటుంది. కాళ్ల కింది భాగం, చక్రాలు, అంతవరకే.

ట్రాక్టరు టైర్లు వద్దు, వాటి వి-ఆకారపు గాట్లు చూడగానే పొలం గుర్తొస్తుంది. బొమ్మ లారీ టైర్లు వెతకండి, బేగంబజారులో సంచీ పట్టుకుని ఒక పూట తిరిగితే సరైన కొలత దొరక్కపోదు. వెళ్లేటప్పుడు డ్రాయింగు, స్కేలు వెంట ఉండాలి. నూనె పారే హైడ్రాలిక్ గొట్టాలకు పాత టెలిఫోను తీగ బాగుంటుంది, అనుకున్న వంపులో నిలుస్తుంది. రంగు వేశాక కాదు, ప్రైమర్‌కు ముందే అతికించండి. బూడిద ప్రైమర్ పడ్డాక ఫొటో పెట్టండి. అప్పుడు చెబుతాను, రంగు డబ్బా తెరవవచ్చో లేదో.