రావిశాస్త్రి గారు మేయరు పదవికి నిలబడితే ఓటేస్తారా?

కంచరపాలెం గెడ్డ:
సరదాకి అడగట్లేదు. 1993లో పోయిన రావిశాస్త్రి గారు ఇప్పుడుండి విశాఖ మేయరుకి నిలబడితే, నేను ఇల్లిల్లూ తిరిగి ఓట్లడుగుతాను. ఈ ఊళ్లోనే వకీలుగా చేసి, కోర్టు మెట్ల దగ్గర కూలబడ్డ జనాన్ని కథల్లోకి తెచ్చిన మనిషాయన.

ఎంవీపీ డబుల్‌రోడ్డు:
మేయరుకి జనం ఓటెయ్యరండి. ముందు 98 వార్డుల్లో ఏదో ఒకదాంట్లో కార్పొరేటరుగా గెలవాలి. తర్వాత కౌన్సిల్ ఎన్నుకుంటుంది. ఈ మాత్రం తెలీకుండా ప్రచారమా?

కంచరపాలెం గెడ్డ:
సరే, మా వార్డులోనే నిలబెడతాను. నేనడిగింది అది కాదు కదా.

సాగర్‌నగర్ చెల్లి:
నా ఓటు ఆయనకే.

ఎంవీపీ డబుల్‌రోడ్డు:
అదే అసలు సంగతి. పెరూ నవలాకారుడు వర్గాస్ యోసా 1990లో అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. మొదటి విడతలో ముందున్నాడు, రెండో విడతలో ఫుజిమోరి చేతిలో ఓడిపోయాడు. బాగా రాస్తే ఓట్లు పడవు. కాలవలో పూడిక తియ్యాలంటే టెండర్లు తెలియాలి, బిల్లులు తెలియాలి.

కంచరపాలెం గెడ్డ:
టెండర్లు తెలిసినవాళ్లే కదండీ ఇన్నాళ్లూ ఉన్నది! ఓ వానాకాలం గెడ్డ పొంగి మా ఇంట్లో మంచం కోళ్లు మునిగాయి. అర్జీ పట్టుకుని మా అమ్మ ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. కిటికీ అవతల గుమస్తా తలెత్తకుండా ‘రేపు రా’ అన్నాడు. వానకి తడిసి ఆ కాయితం అమ్మ గుప్పిట్లో ముద్దయిపోయింది. అలాంటి గుమస్తాల్ని ఆయనకి అప్పజెప్పాలి.

గాజువాక బాబాయ్:
ఇద్దరూ కాస్త తగ్గండమ్మా.

ఎంవీపీ డబుల్‌రోడ్డు:
తగ్గను. మా నాన్న 31 ఏళ్లు గుమస్తా. బొటనవేలికి అంటిన స్టాంపు సిరా సబ్బుతో తోమినా పోయేది కాదు, ఆ వేలితోనే అన్నం కలుపుకునేవాడు. పైనుంచి సంతకం రాకపోతే ఆయనేం చేస్తాడు? తిట్లు మాత్రం కిటికీ దగ్గర ఆయనే తినేవాడు. మీ రచయితలకి గుమస్తా అంటే చులకన. రావిశాస్త్రి గారు తన నవలకి పేరే ‘అల్పజీవి’ అని పెట్టారు!

కంచరపాలెం గెడ్డ:
అసలు చదివారా? అందులో గుమస్తా సుబ్బయ్య పిరికివాడే. ఆ భయాన్ని వేళాకోళం చెయ్యలేదాయన, లోపలికెళ్లి చూశారు. మా అమ్మకి ‘రేపు రా’ అన్నవాడికీ పైన ఒకడుండే ఉంటాడు. ఆవేళ కోపంలో నాకది తట్టలేదు.

ఎంవీపీ డబుల్‌రోడ్డు:
చదివాను, కాలేజీలో. సగంలో ఆపేశాను. సుబ్బయ్య బెదిరి నిలబడ్డ ప్రతిచోటా మా నాన్నే కనబడ్డాడు. ఇంట్లోవాళ్లకి కూడా తెలియనివ్వని ఆయన భయాన్ని ఊరంతా చదువుతున్నట్టనిపించింది. మీరన్నట్టు ఆయన లోపలికెళ్లే చూశారు. నాకు కష్టమనిపించింది అందుకే. ఓటు మాత్రం వెయ్యను.