సమస్యాపూరణం: చంపినంతనే బ్రతికెను చక్కగాను

నిర్వాహకుడు:
ఈసారి సమస్య తేటగీతి చివరి పాదం.

*చంపినంతనే బ్రతికెను చక్కగాను*

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి. ప్రాసయతి వేసినా సరే. విషయం డెస్క్‌టాప్ లైనక్స్ మీద తీరిక వేళల్లో ప్రోగ్రాములు రాసుకునే మన రోజువారీ బతుకు. నియమం ఒక్కటే: పద్యంలో చెప్పింది టెర్మినల్‌లోనూ (కమాండ్లు టైపు చేసే కిటికీలోనూ) నిజం కావాలి. యతి తప్పితే పద్యం ఎలా పడిపోతుందో, సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రాంకు ఆగమనో మరొకటో చెప్పే సందేశం) సంగతి తప్పితే పూరణ అలాగే పడిపోతుంది.

తెరచాప:
నేను వ్రాసిన పైతాను నిన్న రేయి
మెమరి యంతయు మ్రింగెను మెల్లమెల్ల
తెర బిగిసె నంత పీఐడి తెలిసి దాని
చంపినంతనే బ్రతికెను చక్కగాను

నిర్వాహకుడు:
శుభారంభం. చంపింది స్క్రిప్టును, బతికింది తెర. ఆ విరుపుతోనే సమస్య విడిపోయింది. 'బిగిసె నంత' దగ్గర సలగణం చాలా సహజంగా పడింది. 'నేను'కు 'నిన్న'తో యతి కూడా చెల్లుతుంది, ఇ-ఏ మైత్రి ఉంది కాబట్టి. ఒక్కటే అడుగుతాను. తెర బిగిసిపోయాక పీఐడి, అంటే ఆ ప్రోగ్రాం నంబరు, ఎలా తెలిసింది?

తెరచాప:
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల కన్సోల్‌కు వెళ్ళానండీ. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) కూడా నిండిపోయి ఉండటంతో లాగిన్ కావడానికే చాలాసేపు పట్టింది. లోపలికి వెళ్ళాక నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే టాప్‌లో పెద్ద ఎం నొక్కితే మెమరీ వరుసలో నా స్క్రిప్టే పైన కనిపించింది.

గవాక్షం:
లాగిన్ కూడా కాని స్థితి వస్తే ఆల్ట్, సిస్‌రిక్, ఎఫ్ ఉంది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నలే మెమరీ ఎక్కువ తింటున్నదాన్ని చూసి చంపేస్తుంది. చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) ఆ మీట మొదటి నుంచే కట్టేసి ఉంటుంది, ముందే తెరిచి పెట్టుకోవాలి. స్క్రిప్టు నడిపే షెల్‌లో యూలిమిట్ హైఫన్ వితో మెమరీకి హద్దు పెట్టుకుంటే అసలు తెర దాకా రాదు. అనుమానంగా ఉన్న కోడును నేనెప్పుడూ అలాగే నడుపుతాను.

సన్నజాజి:
మాట విననీక గరగర మ్రోగు పల్సు
సేవ నాపితి 'కే'యను చిన్న గుర్తు
తోడ నెవరును లేపక తొలుతవలెనె
చంపినంతనే బ్రతికెను చక్కగాను

నిర్వాహకుడు:
భావం చాలా నచ్చింది. శబ్దం చూసుకునే పల్స్‌ఆడియోకు హైఫన్ కె ఇస్తే అది ఆగిపోతుంది. ఆటోస్పాన్ ఉంటే శబ్దం కావాల్సిన ప్రోగ్రాం అడగగానే దానంతట అదే లేస్తుంది. 'ఎవరును లేపక' అన్న మాట ఆ పనితీరును సరిగ్గా పట్టుకుంది. చంపినదీ బతికినదీ ఒకటే కావడం వల్ల మొదటి పూరణ కంటే ఇది సమస్యకు దగ్గరగా నిలిచింది. కానీ మొదటి పాదంలో మా-మ్రో యతి చెల్లదు, ఆ-ఓ స్వరాలకు మైత్రి లేదు. 'గరగర మనెడు పల్సు' అనండి. గణం చెడదు, మాట ఇంకా సాఫీగా వస్తుంది.

సన్నజాజి:
తీసుకుంటున్నానండీ. 'మాట విననీక గరగర మనెడు పల్సు.' పైకి చదివితే తేడా వెంటనే వినిపిస్తోంది.

గవాక్షం:
ఫెడోరా 2021లో, 34వ విడుదలలో, పల్స్‌ఆడియో స్థానంలో పైప్‌వైర్‌ను పెట్టింది. తర్వాత మరికొన్ని డిస్ట్రోలూ అదే దారి పట్టాయి. అలాంటి యంత్రంలో ఈ పద్యం నడవాలంటే యూజర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి.

చిగురు:
ఊరకాగిన సేవకు నుంచినాను
విఫలమైనచో లేపెడు విధము నొకటి
పనిని జూడగ టర్మును పంపినాను
చంపినంతనే బ్రతికెను చక్కగాను

నిర్వాహకుడు:
ఛందస్సు నిర్దోషం. సేవలను నడిపే సిస్టమ్‌డిని పద్యంలోకి ఇంత తేలిగ్గా తెచ్చినందుకు అభినందనలు. అయితే మన నియమం ఇక్కడే పనికొస్తోంది. రెండో పాదంలోని విధం 'రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్' (విఫలమైతేనే మళ్ళీ లేపే అమరిక) కదా. ఆగిపొమ్మని అడిగే టర్మ్ సిగ్నల్‌తో పోయిన సేవను సిస్టమ్‌డి విఫలం కింద లెక్కపెట్టదు. హప్, ఇంట్, టర్మ్, పైప్ నాలుగూ దాని దృష్టిలో మర్యాదగా సెలవు తీసుకోవడమే. కాబట్టి మీ సేవ చావనైతే చస్తుంది, బతకదు.

రెండు దారులున్నాయి. 'విఫలమైనచో' తీసేసి 'వెడలిపోయిన' అంటే అది 'ఆల్వేస్' (ఎప్పుడూ లేపడం) అవుతుంది, యతీ నిలుస్తుంది. నాకు రెండో దారి ఎక్కువ ఇష్టం. 'టర్మును' బదులు 'తొమ్మిది' పెట్టండి. అదే భగణం, అదే చోటు:

పనిని జూడగ తొమ్మిది పంపినాను

తొమ్మిదో సిగ్నల్‌ను, అంటే కిల్‌ను, ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, పక్కన పెట్టలేదు. అలా పోతే అది విఫలమే, సిస్టమ్‌డి లేపి తీరుతుంది. ఒక్క మాటతో పద్యమూ యూనిట్ ఫైలూ (సేవ అమరికలుండే ఫైలు) రెండూ నిజమయ్యాయి.

చిగురు:
ఇప్పుడే నడిపి చూశాను. టర్మ్‌కు లేవలేదు, తొమ్మిదికి లేచింది. 'తొమ్మిది'తోనే ఉంచుతున్నాను, గురువుగారూ.

తెరచాప:
వరసగా కొట్టకండి చిగురు గారూ. మామూలు అమరికలో 10 సెకన్లలో 5 సార్ల కంటే ఎక్కువ లేవాల్సి వస్తే సిస్టమ్‌డి ఇక లేపదు. ఆ లెక్క చెరిపే రీసెట్-ఫెయిల్డ్ ఇవ్వాల్సి వస్తుంది.

గవాక్షం:
ప్యానె లొక్కటి కదలదు, పైన నున్న
కిటికి లన్నియు బాగుండె, కీలెరింగి
ప్లాస్మషెల్లును మాత్రమే పట్టి నేను
చంపినంతనే బ్రతికెను చక్కగాను

నిర్వాహకుడు:
'కీలెరింగి' అన్న మాట పద్యానికి ప్రాణం. కేడీఈ డెస్క్‌టాప్‌లో కిటికీలు చూసుకునేది క్విన్, ప్యానెల్ చూసుకునేది ప్లాస్మాషెల్. రెండూ వేరు కాబట్టే 'మాత్రమే' అనగలిగారు. వేలాండ్ (తెర మీద కిటికీలను చూపే పద్ధతి) మీద మరో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ షెల్‌ను ఇలా పట్టి చంపితే కిటికీలతో సహా సెషనంతా పోతుంది, పద్యం అక్కడ నిలవదు. మీది ఏ కమాండు?

గవాక్షం:
ప్లాస్మాషెల్‌కు రీప్లేస్ జోడించి నడిపాను. పాతదాన్ని తప్పించి కొత్తది దాని చోట నిలబడుతుంది. ఎడిటర్‌లో సేవ్ చేయని ఫైలు అలాగే ఉంది.

సన్నజాజి:
జాంబీ ప్రాసెస్ మీద పూరించవచ్చా?

నిర్వాహకుడు:
ఈ పాదానికి కుదరదమ్మా. జాంబీ ఎప్పుడో చచ్చింది, దాన్ని పుట్టించిన తల్లి ప్రాసెస్ వెయిట్ పిలిచి లెక్క తేల్చేదాకా ప్రాసెస్‌ల పట్టికలో దాని వరుస మాత్రం మిగులుతుంది. దానికి తొమ్మిది పంపినా ఏమీ కాదు, చంపడానికి అక్కడేమీ లేదు. హప్ సిగ్నల్‌తోనూ ఈ పాదం పొసగదు. చాలా డీమన్లు (తెర వెనుక నడిచే సేవలు) దాన్ని అందుకుని కాన్ఫిగ్ మళ్ళీ చదువుకుంటాయి, అంతే. చావే లేనప్పుడు 'బ్రతికెను'కు బలం ఉండదు.

ఈసారి పూరణల్లో చిగురు గారి సవరించిన పద్యాన్నే నేను ముందు నిలుపుతున్నాను. సన్నజాజి గారి ప్రశ్న మాత్రం వృథా పోదు. వచ్చే సమస్య ఆ ఇంటి సంగతే, తేటగీతిలోనే:

*తల్లి చచ్చిన బిడ్డకు తండ్రి యొకటి*